పథ్యం ఇంటిల్లిపాదిదీ!

సోమవారం ఉదయం మా డయాలసిస్ వార్డుకు వచ్చేవారిని చూస్తే, ఆదివారం వాళ్లింట్లో ఏం వండారో ఇట్టే తెలిసిపోతుంది. కాళ్ల వాపు, ఆయాసం, మూడు నాలుగు కిలోల అదనపు బరువు. మూత్రం రానివారికి శుక్రవారం డయాలసిస్ అయ్యాక ఒంట్లో చేరిన నీరు బయటికి పోవాలంటే సోమవారం దాకా ఆగాల్సిందే. ఆ మధ్యలోనే ఆదివారం విందు!

‘ఎంత చెప్పినా వినరు డాక్టరుగారూ’ అంటుంది పక్కనున్న భార్య. చాలాకాలం నేనూ ఆమెతో గొంతు కలిపి మందలించేవాణ్ని. దాంతో వాళ్లు తిన్న సంగతి దాచడం మొదలుపెట్టారు. రక్తపరీక్షలో పొటాషియం మాత్రం దాగలేదు.

ఒకరోజు ఓ పెద్దాయన అడిగారు: ‘ఇంట్లో అందరూ ఆవకాయ కలుపుకొంటుంటే నేనొక్కణ్నే చప్పిడి మెతుకులు ఎన్నాళ్లు తినను?’ నా దగ్గర జవాబు లేదు. తప్పు ఆయనది కాదు, పథ్యాన్ని ఆయన ఒక్కడి కంచానికే వదిలేసిన మనది.

వారానికి 168 గంటలు. మూడుసార్లు, నాలుగేసి గంటల చొప్పున డయాలసిస్ చేసేది 12 గంటలే. మిగతా 156 గంటలూ కాపాడాల్సింది వంటిల్లే.

కూర అందరికీ ఉప్పు తగ్గించి వండండి. కావాల్సినవారు కంచంలో కలుపుకొంటారు. ఉప్పు తగ్గితే దాహమూ తగ్గుతుంది. అలాగని ‘లో సోడియం’ ఉప్పు కొనకండి. అందులో సాధారణంగా పొటాషియం ఉంటుంది, అది గుండెకు ప్రమాదం. కొబ్బరినీళ్లతోనూ అదే ముప్పు. కూరగాయల్ని చిన్న ముక్కలుగా తరిగి, ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీరు వంపేయండి.

డాక్టరు చెప్పినన్ని నీళ్లే పొద్దున సీసాలో పోసి ఇవ్వండి. కాఫీ, మజ్జిగ, చారు తాగితే అంత నీరు సీసాలోంచి తీసేయండి. ఫాస్ఫరస్ తగ్గించే మాత్రను భోజనంతోపాటే వేయాలి. ఖాళీ కడుపున వేస్తే అది ఆహారంలోని ఫాస్ఫరస్‌ను పట్టుకోలేదు.

అన్నీ మానిపించడమూ పొరపాటే. డయాలసిస్ మొదలయ్యాక మాంసకృత్తులు మరింత కావాలి. గుడ్డు తెల్లసొన, చేప ఎంత పెట్టాలో అడిగి పెట్టండి.

రెండు రాష్ట్రాల్లోనూ అర్హులకు ప్రభుత్వ పథకాల కింద డయాలసిస్ ఉచితంగా అందుతోంది. కానీ ఏ పథకమూ మీ వంటింట్లోకి రాదు. వచ్చే ఆదివారం ఆవకాయ జాడీని బల్లమీద పెట్టకండి. ఆయన్ను ‘వద్దు’ అని వారించాల్సిన అవసరమే రాదు.