నిప్పు పాఠం గిరిజన పెద్దల చేత రాయించండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ సంస్థల సంచాలకులకు,



ఫిబ్రవరి దాటితే నల్లమలలో కార్చిచ్చు వార్తలు మొదలవుతాయి. ఆ వార్తల్లో గిరిజనులు నిప్పు పెట్టినవాళ్లుగానో, ఆర్పే దినకూలీలుగానో కనిపిస్తారు. నిప్పు సంగతి తెలిసినవాళ్లుగా మాత్రం కనిపించరు. ఆ లోటు మీరు తయారుచేసే పుస్తకాలైనా తీర్చాలని ఒక సాంఘికశాస్త్ర ఉపాధ్యాయినిగా కోరుతున్నాను.

కర్ణాటకలో బిళిగిరి రంగన కొండల్లో ఉండే సోలిగ గిరిజనుల సంగతి చూడండి. రాలిన ఆకుకు వాళ్లు పెట్టే నిప్పు పేరు తరగు బెంకి. ఎండలు ముదరకముందే, జనవరి, ఫిబ్రవరి నెలల్లో అంటించేవారు. అప్పటికి నేలలో ఇంకా కాస్త చెమ్మ ఉంటుంది కాబట్టి మంట నేలబారుగా పాకి ఆరిపోతుంది, పెద్ద చెట్లకు పెద్దగా హాని ఉండదు. 1974లో ఆ కొండలను అభయారణ్యంగా ప్రకటించాక ఆ నిప్పుకు అడ్డుకట్ట పడింది. తర్వాతి దశాబ్దాల్లో లాంటానా పొదలు అడవి నేలను కమ్మేశాయి. ఉసిరి చెట్లను బదనిక పట్టింది. ఏటేటా వచ్చే చిన్న మంట లాంటానా మొలకలనూ బదనికనూ అదుపులో ఉంచేదని సోలిగ పెద్దలు చెబుతారు. పర్యావరణ శాస్త్రవేత్తలు వాళ్ల వెంట నడిచి, ఆ మాటలను పరీక్షకు పెట్టి, వ్యాసాలు ప్రచురించారు. లాంటానా పెరగడానికి నిప్పు ఆగడం ఒక్కటే కారణమా అన్న చర్చ ఇంకా తెగలేదు. తెగని చర్చ కాబట్టే పిల్లల ముందు పెట్టాలంటాను. సోలిగలకు 2011లో సామూహిక అటవీ హక్కులు వచ్చాయి, తరగు బెంకికి అనుమతి రాలేదు.

ఇలాంటి జ్ఞానానికి మరో దేశంలో దక్కిన చోటు చూడండి. ఆస్ట్రేలియాలో 2019–20 కార్చిచ్చులకు 33 మంది చనిపోయారు, 2 కోట్ల 40 లక్షల హెక్టార్లకు పైగా భూమి కాలిపోయింది. ఆ కార్చిచ్చులపై వేసిన విచారణ సంఘం (రాయల్ కమిషన్), ఆదివాసుల భూ నిర్వహణ జ్ఞానాన్ని ప్రభుత్వాలు వాళ్లతో కలిసి అర్థం చేసుకోవాలని సిఫారసు చేసింది. అక్కడి జాతీయ పాఠ్యప్రణాళికలో ఆదివాసుల చరిత్ర, సంస్కృతి అన్ని సబ్జెక్టుల్లోనూ రావలసిన అంశం. సిడ్నీ, మెల్‌బోర్న్ బడుల్లో తెలుగు పిల్లలు చదివే పాఠాలకు కూడా ఆ ప్రణాళికే ఆధారం.

మరి మన పిల్లలకు? అల్లూరి సీతారామరాజు ఎవరో ఏ బిడ్డను అడిగినా చెబుతుంది. 1922లో మన్యం ఎందుకు తిరగబడిందంటే తెల్లదొరల అన్యాయం అంటుంది. ఆ అన్యాయాల్లో పోడు మీద అటవీ చట్టాలు పెట్టిన ఆంక్షలు ముఖ్యమైనవి. పోడంటే ఏమిటని అడిగితే మాత్రం మా మైదానం ఊరి తరగతిలో వచ్చే జవాబు ఒక్కటే: అడవి నరకడం. వాలులో పొదలు కొట్టి, ఎండబెట్టి, వానలకు ముందు కాల్చి, ఆ బూడిద మీద సామలు, చోళ్లు, కందులు కలిపి చల్లి, కొన్నేళ్ల తర్వాత ఆ చెలకను అడవికి వదిలేయడం సంప్రదాయ పోడు పద్ధతి. వదిలే ఏళ్లు తగ్గిపోతే నేల కోలుకోదు. ఆ ఏళ్లు ఎందుకు తగ్గాయో వెతికితే రిజర్వు అడవుల సరిహద్దులు, జనాభా, పోయిన భూములు అన్నీ తరగతిలోకి వస్తాయి. ఇంతకన్నా మంచి సాంఘికశాస్త్ర పాఠం నాకు తెలియదు.

నిప్పుతో ఆట నేర్పమని నేను అడగడం లేదు. అడవికి నిప్పు పెట్టడం చట్టరీత్యా నేరమన్న సంగతీ ఆ పాఠంలోనే ఉండాలి. అడవిలో లేచే ప్రతి మంటా సంప్రదాయం కాదు. లేత చిగురు కోసం బీడీ ఆకు తుప్పలకు అంటించే మంట ఉంది, ఇప్పపూలు ఏరుకోవడానికి చెట్టు కింద ఎండుటాకు కాల్చే మంట ఉంది, పారేసిన బీడీ ముక్కతో అంటుకునేదీ ఉంది. ఎవరు, ఏ నెలలో, ఎందుకు పెట్టారు, తర్వాత అక్కడ ఏం మొలిచింది అని విడదీసి అడగడం పిల్లలకు నేర్పాలి. ఇవాళ అన్నిటినీ కలిపి కార్చిచ్చు అనేస్తున్నాం. ఆ తప్పుకు శిక్ష పడుతున్నది అడవిలో బతికేవాళ్లకే.

ఈ పాఠం హైదరాబాద్‌లోనో మంగళగిరిలోనో కూర్చుని రాస్తే రాదు. ఈసారి పుస్తకాలు సవరించేటప్పుడు రచయితల బృందంలో చెంచు, కొండరెడ్డి, సవర పెద్దలను సభ్యులుగా తీసుకోండి. మిగతా సభ్యులకిచ్చే గౌరవ వేతనమే వాళ్లకూ ఇవ్వండి. వాళ్ల పేర్లు పుస్తకం మొదటి పేజీలో రచయితల వరుసలో అచ్చు వేయండి.

ఇట్లు,
ఒక సాంఘికశాస్త్ర ఉపాధ్యాయిని