గంటలో దాగిన గొంతు

పిల్లలూ! గంటను ఒక్కసారి కొడితే ఎన్ని స్వరాలు పలుకుతాయి? “ఒకటే కదండీ, మాస్టారూ!” అంటారు మీరు. తొందరపడకండి. ముందు ఈ కథ వినండి.

ఇంగ్లండులో వించెస్టర్ అనే ఊళ్ళో ప్రాచీనమైన చర్చి ఒకటి ఉంది. దాని శిఖరంలో ఒక పెద్ద గంట ఉంది. 1970ల చివర ఆ చర్చి గాయకబృందంలో ఒక కుర్రవాడు పాడేవాడు. అతని తండ్రి జోనథన్ హార్వీ (1939–2012), పేరుపొందిన సంగీతకర్త. ఆ గంట నాదాన్నీ, కొడుకు గొంతునూ కలిపి ఒక రచన చేయాలని ఆయనకు తోచింది.

1980లో పారిస్ నగరంలోని ఇర్కాం అనే సంగీత పరిశోధనాలయంలో, ఆయన గంట నాదాన్ని కంప్యూటరు చేత విడదీయించాడు. ఒక్క దెబ్బలో 33 స్వరాలు బయటపడ్డాయి! ఎలాగంటారా? దెబ్బ తగలగానే గంట ఒకేసారి అనేక విధాల కంపిస్తుంది. ఒక్కొక్క కంపనానికి ఒక్కొక్క స్వరం. అన్నీ కలిసి మన చెవికి ఒకే నాదంగా వినిపిస్తాయి.

హార్వీ ఆ స్వరాలతోనే తన రచన అల్లాడు. అందులో గంట మెల్లగా గొంతుగా మారుతుంది. గొంతు గంటగా మారుతుంది. చుట్టూ 8 స్పీకర్లు అమర్చి వినిపిస్తే, మనం గంట లోపల కూర్చున్నట్టూ, కుర్రవాడి గొంతు మన చుట్టూ పక్షిలా ఎగురుతున్నట్టూ ఉంటుంది. సుమారు 9 నిమిషాల ఈ రచనకు లాటిన్ భాషలో పేరు పెట్టాడు. “చనిపోయినవారికై విలపిస్తాను, బ్రతికున్నవారిని పిలుస్తాను” అని దాని అర్థం. ఆ మాటలు గంటమీద చెక్కినవే.

గంట ఏళ్ళ తరబడి ఒకే తీరున మోగుతుంది. మరి బాలుడి గొంతో? 12, 14 ఏళ్ళ ప్రాయంలో స్వరతంత్రులు పొడవై, లావెక్కుతాయి. నెమ్మదిగా కంపిస్తాయి. గొంతు బొంగురుపోయి, తగ్గుస్థాయికి దిగుతుంది. ఆ లేత గొంతు మళ్ళీ రాదు. కాని హార్వీ రచనలో అది నేటికీ అలాగే పాడుతున్నది. యంత్రం కూడా ప్రేమకు పనికివస్తుందని ఆ తండ్రి చూపించాడు.

మీరూ ఒక పని చేయండి. పూజగంటను ఒక్కసారి కొట్టి, కళ్ళు మూసుకొని, మోత పూర్తిగా ఆగేదాకా వినండి. మొదట ఏ స్వరం అణగిపోయింది? చివర ఏది మిగిలింది? కాగితంమీద వ్రాసుకోండి.

తల్లిదండ్రులకు ఒక మాట: ఫోను మీ చేతిలోనే ఉంది. ఈ ఏడు మీ పిల్లల పాట ఒకటి రికార్డు చేసి దాచండి. వచ్చే ఏటికి ఆ గొంతు ఉండకపోవచ్చు.