ఆజ్ఞావాక్యము నేర్వవలెను

థింసా నృత్యమును చిత్రించిన పాత వీడియో టేపులు మన అరకులోయ యిండ్లలో నింకను గలవు. తేమకు బూజుపట్టి యేటేట చెడుచున్నవి. మేమొకదానిని లినక్సు కంప్యూటరున కెక్కింపగా బొమ్మ రంగుదప్పి దొర్లసాగెను. టేపు పాడైనదనుకొంటిమి, దోషము దానిది కాదు. మన దేశపు టేపు పాల్ పద్ధతిది: 625 గీతలు, సెకనుకు 25 చిత్రములు. బొమ్మను గ్రహించు డ్రైవరు మాత్రము అమెరికావారి 525 గీతల ఎన్‌టీఎస్‌సీ పద్ధతిలో నుండెను. టెర్మినలులో "వీ4ఎల్2-సీటీఎల్ --సెట్-స్టాండర్డ్=పాల్" అని టైపుచేయగనే బొమ్మ నిలిచెను.

తెరమీది గుర్తులను నొక్కి దిద్దుట సులభమే. కాని దేనిని నొక్కితిమో మఱునాటికి జ్ఞాపకముండదు. ఆజ్ఞావాక్యమును నోటుపుస్తకమున వ్రాసి యుంచినచో, పై తరగతివారు వెడలిన పిదపను క్రింది తరగతివారు తడవుకొనక చేయగలరు. కావున దీనిని బాలబాలికల కందఱకు నేర్పవలెనని మా యభిప్రాయము. తల్లిదండ్రులారా, మీ యటకలమీది టేపులను వానలకు ముందే పంపుడు.