కాంట్రాక్టు కాగితం ఇంకా రాలేదా?

రాజమండ్రి నుంచి ఒక తల్లి ఉత్తరం రాశారు. వాళ్ళమ్మాయి షార్జాలో ఒక ఇండియన్ స్కూల్లో లెక్కల టీచరు. అల్లుడుగారి ఉద్యోగం పోయిన దగ్గర్నుంచీ ఆయనా, ఏడేళ్ళ మనవడూ అమ్మాయి వీసా మీదే ఉన్నారట. మార్చి నెలాఖరుకి అమ్మాయి కాంట్రాక్టు గడువు అయిపోయింది. ఏప్రిల్‌లో కొత్త తరగతులు మొదలయ్యాయి, అమ్మాయి రోజూ వెళ్ళి పాఠాలు చెబుతూనే ఉంది. కాగితం మాత్రం రాలేదు. అడిగితే "చూద్దాం, పై వాళ్ళు సంతకం పెట్టాలి" అంటున్నారట. "వేసవి సెలవులకి వస్తానంటోంది, రమ్మనాలా వద్దా? వచ్చాక మళ్ళీ వెళ్ళగలదా? నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు" అని ముగించారు.

ఇలాంటి దిగులు ఆవిడ ఒక్కరిదే కాదు. మన ఆడపిల్లలు బి.ఎడ్. చేసి గల్ఫ్ బడుల్లో పనిచేస్తున్న ఇళ్ళు ఇప్పుడు ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి. కొందరు భర్త వెంట వెళ్ళి అక్కడే ఉద్యోగం చూసుకున్నవాళ్ళు, మరికొందరు తామే ముందు వెళ్ళి సంసారాన్ని పిలిపించుకున్నవాళ్ళు. అందుకే ఈ వారం పేజీ మొత్తం దీనికే. ఒక్క మాట ముందే చెబుతున్నాను. ఇక్కడ రాసేదంతా దుబాయ్, షార్జా, అబుదాబీ ఉన్న యు.ఎ.ఇ. దేశపు ప్రైవేటు బడుల సంగతి. కువైట్‌కీ, సౌదీకీ, ఒమాన్‌కీ చట్టాలు వేరు. ఒక ఊరి రూలు ఇంకో ఊరికి పట్టించి గాభరా పడకండి.

ముందుగా అమ్మాయి చేత మూడు తేదీలు ఒక కాగితం మీద రాయించండి. కాంట్రాక్టు ఎప్పుడు ముగిసింది? వర్క్ పర్మిట్ గడువు ఎంతవరకు? ఎమిరేట్స్ ఐడి కార్డు మీదున్న తేదీ ఏమిటి? మనవాళ్ళు ఈ మూడింటినీ కలిపి "వీసా" అనేస్తారు. గొడవంతా అక్కడే మొదలవుతుంది. 2022 నుంచి అక్కడ పాస్‌పోర్టులో రెసిడెన్సీ స్టిక్కరు అతికించడం మానేశారు, ఎమిరేట్స్ ఐడి కార్డే నివాసానికి ఆధారం. బడి వాళ్ళతో కాంట్రాక్టు మార్చిలో ముగిసినా, కార్డు మీద వచ్చే జనవరి దాకా తేదీ ఉండవచ్చు. అలా ఉంటే రేపే ఇల్లు ఖాళీ చేయాల్సిన పనేమీ రాదు. అలా కాక కార్డు జూన్‌లోనే ముగుస్తుంటే సంగతి అర్జెంటే. గడువు, దాని తర్వాత ఇచ్చే వెసులుబాటు కూడా దాటిపోతే రోజుకి 50 దిర్హాముల చొప్పున జరిమానా పడుతుంది. ముగ్గురున్న ఇంట్లో ముగ్గురికీ విడివిడిగా లెక్క కడతారు.

భర్త వీసా మీద ఉండి బడిలో పనిచేసే ఇల్లాలికి ఇంత బెంగ అక్కరలేదు. ఆమె నివాసం భర్త ఉద్యోగంతో ముడిపడి ఉంటుంది, బడి తరఫున కావలసింది వర్క్ పర్మిట్ ఒక్కటే. రాజమండ్రి తల్లి కూతురి పరిస్థితి దీనికి తలకిందులు. ఆమె కార్డు మీదే భర్త కార్డూ, పిల్లవాడి కార్డూ ఆధారపడి ఉన్నాయి. కుటుంబాన్ని తన వీసా మీద ఉంచుకోవాలంటే నెలకి 4,000 దిర్హాముల జీతం ఉండాలి, లేదా 3,000 దిర్హాములూ వసతీ ఉండాలి. కొత్త కాంట్రాక్టులో జీతం తగ్గిస్తామంటే సంతకం చేసే ముందు ఈ లెక్క చూసుకోమనండి.

ఇక అసలు ప్రశ్న. కాగితం లేకుండా పాఠం చెబుతుంటే ఆ ఉద్యోగం ఉన్నట్టా, లేనట్టా?

ఉన్నట్టే. 2022 ఫిబ్రవరి 2 నుంచి అమలైన అక్కడి కార్మిక చట్టం ప్రకారం ప్రైవేటు ఉద్యోగాల కాంట్రాక్టులన్నీ ఇప్పుడు గడువు పెట్టినవే. గడువు దాటాక కూడా, వేరే ఒప్పందమేదీ రాసుకోకుండా, ఈమె పని చేస్తూ వాళ్ళు చేయించుకుంటూ ఉంటే పాత కాంట్రాక్టే పాత షరతులతో కొనసాగుతున్నట్టు లెక్క. పాత షరతులంటే పాత జీతం, పాత సెలవులు, పాత నోటీసు కూడా. "కాంట్రాక్టు లేదు కనుక రేపటి నుంచి రావద్దు" అని ఊరికే అనేయడానికి వీల్లేదు. నోటీసు కాలం 30 రోజులకు తగ్గకుండా, 90 రోజులకు మించకుండా కాంట్రాక్టులో రాసి ఉంటుంది. పాత కాంట్రాక్టు తీసి చూడమనండి.

అయితే ఈ హక్కు నిలవాలంటే పని చేస్తున్నట్టు రుజువు కావాలి. కోపం వచ్చి ఇంట్లో కూర్చుంటే మొదటికే మోసం. సరైన కారణం లేకుండా వరసగా ఏడు రోజులకు మించి వెళ్ళకపోతే నోటీసు లేకుండా తీసేసే వీలు వాళ్ళకి చట్టమే ఇస్తుంది. కనుక రోజూ వెళ్ళాలి, హాజరు వేయించుకోవాలి, టైంటేబుల్ కాపీ, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంటు దాచుకోవాలి. బడి వాళ్ళిచ్చిన ఈమెయిల్లోనే అన్నీ ఉంచుకోకూడదు. ఉద్యోగం పోయిన రోజున ఆ ఈమెయిల్ కూడా పోతుంది. సొంత ఈమెయిల్‌కి పంపుకోమనండి, లేదా ప్రింటు తీసి పాస్‌పోర్టు పెట్టే పెట్టెలో పెట్టుకోమనండి.

వరండాలో ప్రిన్సిపాల్‌గారు ఎదురైనప్పుడు అడిగిన మాటకి విలువ లేదు. రాసి అడగాలి. ఎలా రాయాలంటారా? చిన్నగా, మర్యాదగా. "నా కాంట్రాక్టు ఫలానా తేదీతో ముగిసింది. ఆ తర్వాత కూడా అదే జీతానికి అదే తరగతులకి పాఠాలు చెబుతున్నాను. పునరుద్ధరణ కాగితం ఏ తేదీకి ఇస్తారో దయచేసి తెలియజేయండి. నా ఎమిరేట్స్ ఐడి ఫలానా తేదీతో ముగుస్తుంది, నా కుటుంబ సభ్యుల కార్డులు దానిపై ఆధారపడి ఉన్నాయి" — అంతే. ఫిర్యాదు మాటలు, కన్నీళ్ళు, పక్క టీచరుకి వచ్చింది నాకు రాలేదన్న పోలికలు వద్దు. పది రోజులకి జవాబు రాకపోతే మొదటి ఉత్తరం తేదీ చెప్పి రెండోది. నా ఉద్దేశంలో చాలా ఆలస్యాలు దురుద్దేశంతో జరిగేవి కావు. పిల్లలెంతమంది చేరారో తేలక, ఎన్ని సెక్షన్లు పెట్టాలో తెలియక యాజమాన్యాలు నానుస్తుంటాయి. కానీ వేసవి రెండు నెలల జీతం మిగులుతుందని నాన్చేవాళ్ళు కూడా లోకంలో ఉన్నారు. ఉత్తరం రాస్తే ఎవరు ఏ రకమో తెలుస్తుంది.

"మీరే రాజీనామా రాసి ఇవ్వండి, కొత్త కాంట్రాక్టు కింద మళ్ళీ తీసుకుంటాం" అంటే మాత్రం తొందరపడి సంతకం చేయవద్దు. ఎందుకంటే, 2023 జనవరి నుంచి అక్కడ ఉద్యోగం పోయినవాళ్ళకి బీమా పథకం ఒకటి తప్పనిసరి చేశారు. బేసిక్ జీతం 16,000 దిర్హాముల లోపు ఉన్నవాళ్ళు నెలకి 5 దిర్హాములు కడితే చాలు. కనీసం 12 నెలలు వరసగా కట్టి ఉండి, యాజమాన్యం తీసేస్తే, బేసిక్‌లో 60 శాతం చొప్పున మూడు నెలల దాకా వస్తుంది. తానుగా రాజీనామా చేసినవాళ్ళకి రాదు. తీసేసిన 30 రోజుల్లోపు దరఖాస్తు పెట్టుకోవాలి. నెలకి 5 దిర్హాములే కదా అని కట్టడం మరిచిపోయిన టీచరమ్మలు ఎందరో. మీ అమ్మాయిని ఇవాళే అడగండి.

అలాగే అరబ్బీలో ఉన్న కాగితం చదివించుకోకుండా, ఖాళీ కాగితం మీద, డబ్బు చేతికి రాకుండానే "అన్నీ ముట్టినవి" అన్న రసీదు మీద సంతకం వద్దు. పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉంచుకోవడం అక్కడి చట్టానికి విరుద్ధం. వర్క్ పర్మిట్ రెన్యువల్ ఖర్చు కూడా యజమానే పెట్టుకోవాలి, జీతంలోంచి కోయకూడదు. భర్తా, పిల్లల కార్డుల ఖర్చు మాత్రం మనదే.

ఒకవేళ కొనసాగించడం లేదనే తేలితే రావలసిన డబ్బు ఎంతో ముందే లెక్క వేసుకోవాలి. ఏడాది నిండినవాళ్ళకి గ్రాట్యుటీ వస్తుంది. మొదటి అయిదేళ్ళకి ఏడాదికి 21 రోజుల బేసిక్ జీతం, ఆ పైన ఏడాదికి 30 రోజులు. మొత్తం జీతం 4,500 ఉండవచ్చు, లెక్క మాత్రం బేసిక్ మీదే. బేసిక్ 3,000 అనుకుందాం. రోజుకి 100. ఏడాదికి 2,100. నాలుగేళ్ళు చేస్తే 8,400 దిర్హాములు. వాడుకోని సెలవుల డబ్బు దీనికి వేరే. ఉద్యోగం ముగిసిన 14 రోజుల్లో అన్నీ చెల్లించాలి. కాకపోతే అక్కడి కార్మిక శాఖకి ఫోన్ యాప్‌లోనే ఫిర్యాదు పెట్టవచ్చు. 2024 నుంచి 50,000 దిర్హాముల లోపు తగాదాలని ఆ శాఖే తేల్చేస్తోంది. ఉద్యోగం ముగిసిన రెండేళ్ళ లోపల అడగాలి. ఇంకోటి, గర్భవతి అయినందుకో, ప్రసూతి సెలవు తీసుకున్నందుకో తీసేయడం చట్టం ఒప్పుకోదు. సెలవు 60 రోజులు, అందులో 45 రోజులకి పూర్తి జీతం, 15 రోజులకి సగం.

ఇప్పుడు సెలవుల సంగతి. రావచ్చా? కార్డు మీద తిరుగు ప్రయాణం తేదీకి గడువు మిగిలి ఉంటే రావచ్చు. ఇక్కడ ఉండగా గడువు అయిపోతే ఆ కార్డు మీద తిరిగి వెళ్ళనివ్వరు, కొత్తగా ఎంట్రీ పర్మిట్ కావాలి, దానికి మళ్ళీ ఆ బడే పూనుకోవాలి. ఆరు నెలలు దాటి బయట ఉంటే మామూలుగా నివాసం రద్దయిపోతుంది. కనుక కార్డు జూలైలో ముగుస్తుంటే, రెన్యువల్ అయ్యేదాకా కదలవద్దనే నా సలహా. మనవడి మీద ఎంత ముద్దున్నా సరే, ఈసారి మామిడిపండ్లు మీరే ఎవరి చేతైనా పంపండి! వచ్చేటప్పుడు అమ్మాయి అటెస్టేషన్ చేయించిన డిగ్రీ, బి.ఎడ్. అసలు పత్రాలు వెంట తెచ్చుకోవాలి, బడి బీరువాలో వదిలి రాకూడదు.

ఖాళీగా ఉన్న నెలల్లో ట్యూషన్లు చెప్పుకుందామనుకుంటారు. చెప్పుకోవచ్చు, కానీ పర్మిట్ తీసుకోవాలి. 2023 డిసెంబరులో ప్రైవేటు ట్యూషన్లకి అని రెండేళ్ళ పర్మిట్ ప్రవేశపెట్టారు, రుసుము లేదు. పర్మిట్ లేకుండా హాల్లో నలుగురు పిల్లల్ని కూర్చోబెట్టడం ఇప్పుడు తప్పు. ఇంకో బడి వాళ్ళు "రేపు చేరిపోండి, కాగితాలు తర్వాత చూద్దాం" అంటే అంతకన్నా ప్రమాదం. వాళ్ళ పేరున పర్మిట్ వచ్చేదాకా ఆ తరగతి గదిలో అడుగు పెట్టకూడదు.

ఇంటి లెక్కల విషయానికి వస్తే, అక్కడ అద్దెకి ముందు తేదీల చెక్కులు ఇస్తారు. వచ్చే చెక్కు తేదీ ఎప్పుడో చూసి ఆ డబ్బు ముందు ఖాతాలో వేసి ఉంచాలి. 2022 నుంచి డబ్బు లేక తిరిగొచ్చిన చెక్కుకి మామూలుగా జైలు లేదు గానీ, ఇంటివాడు నేరుగా వసూలు చర్యలకి వెళ్ళవచ్చు. ఇక్కడి ఫ్లాటు వాయిదా ఉంటే మూడు నెలలది పక్కన పెట్టాలి. కాగితం చేతికొచ్చేదాకా నగల చీటీలు, కొత్త కారు మాట ఎత్తకండి. వీసా రద్దు చేస్తే దేశం విడవడానికి హోదాని బట్టి ఆరు నెలల దాకా గడువు ఇస్తారు, అది అందరికీ ఒకటి కాదు. రద్దు కాగితం మీద తనకెన్ని రోజులో అమ్మాయి చదువుకోవాలి. మనవడికి టి.సి. తీసి, అటెస్టేషన్ చేయించడం కూడా ఆ గడువులోనే జరగాలి.

తల్లులకి, అత్తగార్లకి ఒక మనవి. ప్రతి ఫోనులోనూ "కాగితం వచ్చిందా?" అని అడగకండి. వస్తే ఆ పిల్లే ముందు మీకు చెబుతుంది. కావాలంటే వారానికి ఒక రోజు పెట్టుకుని, పైన చెప్పిన మూడు తేదీల కాగితం ఇద్దరూ ముందు పెట్టుకుని మాట్లాడండి. బడి వాళ్ళు ఉత్తరాలకి జవాబివ్వకపోయినా, జీతం ఆపినా దుబాయ్‌లో మన ప్రభుత్వం నడిపే ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉంది. అక్కడి నుంచి 800 46342 నంబరుకి ఉచితంగా ఫోను చేయవచ్చు. ఇక్కడున్న మీరు మన విదేశాంగ శాఖ వారి 'మదద్' పోర్టల్లో అమ్మాయి పాస్‌పోర్టు వివరాలతో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. నెట్ సెంటరుకి వెళ్ళేటప్పుడు పాస్‌పోర్టు కాపీ, పాత కాంట్రాక్టు కాపీ, అమ్మాయి బడికి రాసిన రెండు ఉత్తరాల కాపీలు తీసుకువెళ్ళండి.