కనిపించని కన్నం

మట్టిగోడల ఇళ్ళున్న రోజులలో దొంగ గోడకు కన్నం వేసి లోనికి దూరేవాడు. తెల్లవారేసరికి ఆ కన్నం ఊరందరి కంటా పడేది. ఇంటివారు లబోదిబోమనేవారు, ఇరుగుపొరుగులు గుమిగూడేవారు, తలారి అడుగుజాడలు వెదకుతూ పొలిమేర దాకా పోయేవాడు. ఇంట్లో బల్లమీది కంప్యూటరులోకి దొంగ చొరబడినప్పుడు మాత్రం ఇవేవీ జరగవు. గోడ చెక్కుచెదరదు, కుక్క మొరగదు. యజమాని కళ్ళు తెరపై ఉండగానే అతని సొమ్ము పొలిమేరలు దాటిపోతుంది. ఒక్కొక్కసారి దొంగతనం జరిగిందన్న సంగతి నెలల తరువాత గాని తెలియదు.

ఒకప్పుడు ఇంటి కంప్యూటరు పిల్లల ఆటలకూ, పెద్దల టైపు పనికీ పరిమితమైన వస్తువు. ఇప్పుడు అందులో బ్యాంకు ఖాతా వివరాలున్నాయి, ఆధార్ నకలు ఉంది, పొలం కాగితాల ప్రతులున్నాయి, పిల్లల మార్కుల జాబితాలున్నాయి, గతించిన పెద్దల ఛాయాచిత్రాలున్నాయి. అమెరికాలోనో గల్ఫ్ దేశాలలోనో ఉన్న బిడ్డల ముఖం చూపించే కిటికీ కూడా అదే. ఇనుప బీరువాకు రెండు తాళాలు వేసే కుటుంబం ఈ పెట్టెకు గొళ్ళెమైనా పెట్టకపోవడం విచారించదగిన విషయం.

ఈ దొంగలు తలుపు బద్దలు కొట్టి రావడం తక్కువ. చాలా సందర్భాలలో ఇంటివారే తలుపు తీస్తారు. 2000వ సంవత్సరం మే 4న ఫిలిప్పీన్స్ నుండి వ్యాపించిన ‘ఐ లవ్ యూ’ వార్మ్ ఇందుకు గొప్ప నిదర్శనం. అది ఈ-మెయిల్‌కు జతపరచిన ప్రేమలేఖ రూపంలో వచ్చింది. ఆ ఫైలు పేరులో ‘టి ఎక్స్ టి’ అన్న అక్షరాలు కనిపించేవి. అందువల్ల చూసినవారు అది చదువుకొనే ఉత్తరమే అనుకొన్నారు. నిజానికి ఆ పేరు చివర ‘వి బి ఎస్’ అన్న మరొక తోక ఉండేది. అది ఉత్తరం కాదు, ఆజ్ఞల మూట. విండోస్ వ్యవస్థ అప్పట్లో అలాంటి తోకలను సాధారణంగా చూపేది కాదు. తెరచిన మరుక్షణమే ఆ ప్రోగ్రాము కంప్యూటరులోని చిత్రాల వంటి ఫైళ్ళను పాడుచేసి, చిరునామాల పుస్తకంలో ఉన్న వారందరికీ తనను తాను పంపుకొనేది. కనుక ఆ ప్రేమలేఖ అపరిచితుని నుండి రాలేదు. స్నేహితుడి పేరుతో, పై అధికారి పేరుతో, మేనమామ పేరుతో వచ్చింది. జనం నమ్మడంలో వింతేమీ లేదు. ఇటువంటి పనిని శిక్షించే చట్టం ఆనాటికి ఫిలిప్పీన్స్‌లో లేకపోవడంతో అభియోగాలు నిలవలేదు. ఆ దేశం కొద్ది వారాలలోనే చట్టం చేసుకొంది. భారతదేశంలో సమాచార సాంకేతిక చట్టం అదే ఏడాది అక్టోబరు 17న అమలులోకి వచ్చింది.

ఈ ఉదంతాన్ని పాతకథగా భావించరాదు. తెలిసినవారి పేరుతో వచ్చినంత మాత్రాన ఏ జతపత్రాన్నీ తెరవరాదన్న నియమం అప్పటికన్నా ఇప్పుడే ఎక్కువ అవసరం. పెళ్ళి శుభలేఖగా, కరెంటు బిల్లుగా, కొరియరు రసీదుగా వేషం మార్చుకొని అదే మోసం నేటికీ తిరుగుతూ ఉంది. పంపినవారిని ఫోనులో ఒక్కమాట అడిగితే తేలిపోయే సందేహాన్ని మొగమాటంతో మింగివేయడం తెలివైన పని కాదు.

తలుపు తీయకున్నా వచ్చే దొంగలూ లేకపోలేదు. 2017 మే 12న ‘వాన్నాక్రై’ అనే ప్రోగ్రాము ప్రపంచాన్ని గడగడలాడించింది. అది కంప్యూటరులోని ఫైళ్ళను చదవరాని లిపిలోకి మార్చి, వాటిని విడిచిపెట్టడానికి 300 డాలర్ల విలువైన బిట్‌కాయిన్ చెల్లించమని తెరపై ప్రకటించేది. బ్రిటన్‌లో ఆసుపత్రుల పని స్తంభించి శస్త్రచికిత్సలు వాయిదా పడ్డాయి. ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లు కూడా దాని బారినపడ్డాయి. ఇందులో బాధ కలిగించే అంశం మరొకటి ఉంది. అది దూరివచ్చిన లోపాన్ని సరిచేసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ సంస్థ మార్చి 14నే విడుదల చేసింది. అంటే మందు వచ్చిన దాదాపు రెండు నెలలకు జబ్బు వచ్చిందన్నమాట! “తరువాత గుర్తుచేయి” అన్న మీటను రోజూ నొక్కినవారే ఎక్కువగా నష్టపోయారు.

అప్‌డేట్‌లు రావడం మానివేసిన కంప్యూటరును ఇంటర్నెట్‌కు కలపడం పైకప్పు లేని ఇంట్లో వానాకాలం గడపడం వంటిది. విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న, విండోస్ 7కు 2020 జనవరి 14న, విండోస్ 10కి 2025 అక్టోబరు 14న సాధారణ మద్దతు ముగిసింది. నకిలీ సాఫ్ట్‌వేర్ సంగతి ఇంకా విచిత్రం. ఒకరు కష్టపడి తయారుచేసిన ప్రోగ్రామును, దాని తాళం పగులగొట్టి ఉచితంగా పంచే అపరిచితుడు ధర్మదాత అని నమ్మడం ఎట్లా? అతడు ఆ తాళంతోపాటు ఇంకేమి మార్చాడో ఎవరు చూశారు? ధర భారమైనప్పుడు న్యాయంగానే ఉచితంగా లభించే లైనక్స్, లిబ్రే ఆఫీస్ వంటివి ఉండగా ఈ అడ్డదారి అనవసరం. ముఖ్యమైన ఫైళ్ళ ప్రతిని వేరొక డిస్కులో దాచి, పని కాగానే దానిని కంప్యూటరు నుండి ఊడదీసి బీరువాలో పెట్టుకొన్న కుటుంబానికి ఫైళ్ళు పోతాయన్న భయం చాలావరకు తగ్గుతుంది. ఊడదీయడం మరువరాదు. తగిలించి ఉన్న డిస్కును కూడా ఈ ప్రోగ్రాములు కబళిస్తాయి.

ఇక పాస్‌వర్డ్ విషయం. పుట్టినతేదీని ఎనిమిది అంకెలలో వ్రాసి, అది గట్టి తాళమని సంతోషించేవారు అనేకులు. ఎనిమిది అంకెలతో పదికోట్ల సంఖ్యలు ఏర్పడతాయి, నిజమే. కాని నూరేళ్ళలో ఉన్న రోజులు సుమారు 36,500 మాత్రమే. దొంగ కంప్యూటరు వాటన్నిటినీ పరీక్షించడానికి రెప్పపాటు చాలు. ఇంగ్లీషు చిన్న అక్షరాలు ఎనిమిదింటితో దాదాపు 20,900 కోట్ల అమరికలు సాధ్యం. అక్షరాలు పన్నెండయితే ఆ సంఖ్య నాలుగున్నర లక్షల రెట్లకు పైగా పెరుగుతుంది. కనుక పాస్‌వర్డ్‌కు బలం ఇచ్చేది ముఖ్యంగా పొడవు. అమెరికా ప్రమాణాల సంస్థ 2017లో వెలువరించిన సూచనలు కూడా పొడవునే సమర్థించి, కారణం లేకుండా తరచుగా పాస్‌వర్డ్ మార్పించే పద్ధతిని కాదన్నాయి. తెలుగువారికి ఇందులో ఇబ్బంది లేదు. పరస్పర సంబంధం లేని నాలుగైదు ఇంటి మాటలను, రోకలి, నెమలి, పులుసు, గొడుగు వంటివాటిని, ఇంగ్లీషు అక్షరాలలో వరుసగా వ్రాస్తే సరిపోతుంది. (అచ్చులో వచ్చినందున ఈ నాలుగూ మాత్రం ఇక పనికిరావు.)

పాస్‌వర్డ్‌లను కాగితంపై వ్రాయరాదని తరచుగా చెబుతారు. కార్యాలయాలకు అది సరే. ఇంటి విషయంలో ఈ సలహా మేలుకన్నా కీడే ఎక్కువ చేసింది. జ్ఞాపకం ఉండదన్న భయంతో జనం అన్నిచోట్లా ఒకే పాస్‌వర్డ్ వాడుతున్నారు. ఏదో చిన్న దుకాణపు జాబితా దొంగల పాలయితే, అదే తాళంచెవితో ఈ-మెయిల్, బ్యాంకు ఖాతా కూడా తెరుచుకొంటున్నాయి. వేల మైళ్ళ దూరంలో కూర్చున్న దొంగ గుంటూరులో బీరువాలోని నోటుపుస్తకాన్ని చదవలేడు. దాగిన నోటుపుస్తకంలోని ఇరవై వేరువేరు పాస్‌వర్డ్‌లు, తలలో ఉన్న ఒకే పాస్‌వర్డ్ కన్నా ఎంతో మేలు. దానితో పాటు ఈ-మెయిల్‌కూ బ్యాంకుకూ రెండంచెల ధ్రువీకరణ ఉంటే మరీ మంచిది.

అయితే ఎంత గట్టి తాళమైనా యజమానే చెవి చేతికిస్తే ఏమి చేయగలదు? నేటి మోసగాడు యంత్రం మీదకన్నా మనసు మీద ఎక్కువగా పనిచేస్తాడు. కంప్యూటరు తెరపై ఎర్రని హెచ్చరిక మెరుస్తుంది. వైరస్ చేరిందని, వెంటనే ఫలానా నంబరుకు ఫోను చేయమని ఉంటుంది. ఫోను ఎత్తినవాడు మర్యాదగా మాట్లాడి, దూరం నుండి కంప్యూటరును నడిపే ప్రోగ్రామును పెట్టిస్తాడు. ఇంకొకడు పోలీసు దుస్తులతో వీడియోలో ప్రత్యక్షమై, ‘డిజిటల్ అరెస్టు’ చేశామని, గది వదలి కదలరాదని గర్జిస్తాడు. అటువంటి అరెస్టు ఏ చట్టంలోనూ లేదని ప్రధానమంత్రి 2024 అక్టోబరు 27న ఆకాశవాణి ప్రసంగంలో స్పష్టం చేయవలసి వచ్చింది.

ఇలా నష్టపోయినవారిని అత్యాశాపరులనీ, అమాయకులనీ గేలిచేయడం లోకంలో పరిపాటి అయింది. ఇది అన్యాయం. జీవితమంతా ప్రభుత్వ ఉత్తర్వును శిరసావహించిన విశ్రాంత ఉద్యోగి పోలీసు గొంతు వినగానే వణకడం అతని అవివేకం కాదు. మోసగాడు పెట్టుబడిగా పెట్టుకొన్నది అతని విధేయతనే. పైగా ఆ గేలికి భయపడే పెద్దలు జరిగినదాన్ని ఇంట్లో చెప్పక దాచుకొంటున్నారు. పిల్లలకు యంత్రం తెలుసు, పెద్దలకు మనుషులు తెలుసు. తనకు లాటరీ తగిలిందని ఎగిరే మనుమడిని తాతగారి అనుమానం ఆపగలదు. తాతగారి కంప్యూటరులో పాతబడిన ప్రోగ్రామును మనుమడు మార్చగలడు. ఈ రెండు తెలివితేటలూ ఒకే ఇంట్లో ఉండి ఒకదానితో ఒకటి మాట్లాడుకోకపోవడమే దొంగకు దొరికిన అసలు కన్నం.

చెప్పుకోవడంలో జరిగే ఆలస్యానికి ధర కూడా ఉంది. పోయిన సొమ్ము ఒక ఖాతా నుండి మరొక ఖాతాకు గంటలలోనే చేతులు మారుతుంది. అది నగదుగా మారేలోపు ఆపగలిగితేనే తిరిగి దక్కే అవకాశం. మారువేషంతో మోసగించినవారికి చట్టంలోని 66డి సెక్షను మూడేళ్ళ వరకు జైలుశిక్ష విధిస్తున్నా, దొంగ పట్టుబడేసరికి సొమ్ము మిగలదు. అందుచేత సంగతి తెలిసిన తక్షణమే కంప్యూటరుకు ఇంటర్నెట్ తొలగించి, బ్యాంకుకు చెప్పి, 1930 నంబరుకు ఫోను చేయాలి. మోసగాడి సందేశాలను సిగ్గుతో చెరిపివేయరాదు. లావాదేవీ సంఖ్య, తేదీ, సమయం, పోయిన మొత్తం ఒక కాగితంపై వ్రాసుకొని ఉంచితే, అవతలివారు అడిగే మొదటి ప్రశ్నలకు జవాబులు అవే.