రొట్టె, దుప్పటి ఇచ్చిన తరువాత



ఉక్రెయిన్ అనే పేరు మన ఇళ్లలో చాలామందికి వైద్య విద్య వల్ల పరిచయం. 2022 ఫిబ్రవరి 24న అక్కడ యుద్ధం విరుచుకుపడినప్పుడు మన తెలుగు పిల్లలు కూడా నేలమాళిగల్లో తలదాచుకుని, చలిలో నడిచి, పోలండ్, రుమేనియా, హంగరీ, స్లొవేకియా సరిహద్దులు దాటారు. ‘ఆపరేషన్ గంగ’ ద్వారా ఇల్లు చేరారు. మనం దేవునికి స్తోత్రం చెల్లించాము. అయితే అదే దారిన, అదే చలిలో నడిచి వచ్చిన ఉక్రెయిన్ తల్లులకు, పిల్లలకు ఇల్లే వెనుక ఉండిపోయింది. వారిని గురించి ఒక మాట మీతో పంచుకోవాలని మేము కోరుతున్నాము.

యునిసెఫ్ లెక్క ప్రకారం యుద్ధం మొదలైన ఒక్క నెలలోనే 43 లక్షల మంది పిల్లలు ఇళ్లు విడిచారు. ఆ దేశంలోని పిల్లలలో ఇది సగానికి పైమాటే. 18 నుండి 60 ఏళ్ల మగవారు దేశం దాటరాదని అప్పట్లో ఆంక్ష ఉండటంతో చాలా కుటుంబాలలో తండ్రి వెనుక ఉండిపోయాడు. తల్లి ఒక చేత్తో సంచి, ఒక చేత్తో బిడ్డను పట్టుకుని బయలుదేరింది.

ఆ రోజుల్లో సంఘాలు చేసిన సేవ చిన్నది కాదు. పొరుగు దేశాలలో ఆర్థడాక్స్, కతోలిక, బాప్టిస్టు సంఘాలు తమ తలుపులు తెరిచి పడక, భోజనం ఇచ్చాయి. లివీవ్ నగరంలో సమారిటన్స్ పర్స్ అనే క్రైస్తవ సంస్థ 2022 మార్చిలో భూగర్భ పార్కింగ్ స్థలంలోనే అత్యవసర ఆసుపత్రి నడిపింది. వీటన్నిటి కొరకు మనం కృతజ్ఞులం.

అయినా మా అభిప్రాయం ఇది: అసలు కష్టమైన పరిచర్య రొట్టె, దుప్పటి ఇచ్చిన తరువాతనే మొదలవుతుంది. ఆకలి ఒక పూటకు తీరుతుంది. బిడ్డ మనసులో దిగిన భయం ఒక పూటకు తీరదు. బాంబుల మోత విన్న పిల్లవాడు సురక్షితమైన ఊరికి వచ్చాక కూడా తలుపు గట్టిగా పడితే ఉలిక్కిపడతాడు. పక్క తడుపుతాడు, నిద్రలో కేకలు వేస్తాడు, తల్లి కొంగు వదలడు, కొందరైతే మాటే మానేస్తారు. కడుపునొప్పి అంటాడు, పరీక్షల్లో ఏమీ కనబడదు. ఇది మొండితనం కాదు, దయ్యం పట్టడమూ కాదు. ఇది కంటికి కనబడని గాయం. దీనికి కాలం కావాలి, ఓపిక గల మనుషులు కావాలి.

ఈ గాయాన్ని ఎలా తాకాలో చెప్పే ఒక మార్గదర్శిని ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, వార్ ట్రామా ఫౌండేషన్, క్రైస్తవ సంస్థ అయిన వరల్డ్ విజన్ కలిసి 2011లో దానిని ప్రచురించాయి. దాని సారం మూడు మాటలు: చూడండి, వినండి, అవసరమైన సహాయంతో కలపండి. జరిగినదంతా చెప్పమని ఎవరినీ బలవంతపెట్టవద్దని అది హెచ్చరిస్తుంది. మన సంఘాలలో సాక్ష్యం చెప్పించే అలవాటు ఉంది. అది మంచిదే. కాని ఇల్లు కూలిన బిడ్డను వేదిక ఎక్కించి కన్నీళ్లు పెట్టించడం పరిచర్య కాదు. అలాగే రొట్టె చేతిలో పెట్టి, బదులుగా విశ్వాసం అడగడం కూడా తగదు. మంచి సమరయుడు గాయపడిన వానిని నీ మతమేమిటని అడగలేదు. గాయాలు కట్టి సత్రానికి చేర్చాడు, ఖర్చులకు డబ్బిచ్చాడు, ఇంకా ఎక్కువైతే తిరిగి వచ్చినప్పుడు ఇస్తానన్నాడు. మనం తరచు మరచిపోయేది ఆ చివరి మాటనే.

ఇంకొక హెచ్చరిక. దయతోనే అయినా, ఇటువంటి సమయంలో పిల్లలను తీసుకువెళ్లి అనాథాశ్రమంలో పెట్టాలని, దత్తత తీసుకోవాలని కొందరు తొందరపడతారు. యుద్ధానికి ముందే ఉక్రెయిన్‌లో 90 వేలకు పైగా పిల్లలు సంస్థలలో ఉండేవారు. వారిలో ఎక్కువ మందికి తల్లిదండ్రులున్నారు. విపత్తు నడుస్తుండగా దత్తత జరగరాదని యునిసెఫ్, ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ 2022 మార్చిలోనే చెప్పాయి. బిడ్డకు మొదటి మందు తల్లి ఒడి. తల్లి లేకపోతే అమ్మమ్మ, పిన్ని. ఆ తల్లికి గది అద్దె, పని, బిడ్డకు బడి, టీకాలు దొరికేలా చేసే సంఘమే ఆ బిడ్డను నిజంగా ఆదుకున్నట్టు.

“మన దగ్గరే ఇంత బీదరికం ఉండగా ఎక్కడి ఉక్రెయిన్?” అని మీలో కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. దీనికి జవాబు నల్గొండలో ఉంది. 1890 ప్రాంతంలో అబ్రహాం ఫ్రీసెన్ దంపతులు అక్కడికి వచ్చి తెలుగువారి మధ్య పరిచర్య ప్రారంభించారు. వారు నేటి దక్షిణ ఉక్రెయిన్‌లోని మెనోనైట్ గ్రామాల వారు. ఆ పల్లెల రైతుల కానుకలు మన నేలకు వచ్చాయి. 1917 తరువాత ఆ పల్లెల మీదికే అంతర్యుద్ధం, కరవు వచ్చాయి. వారిని ఆదుకోవడానికే 1920లో అమెరికాలో మెనోనైట్ సెంట్రల్ కమిటీ ఏర్పడింది. 1922లో అక్కడ వంటశాలలు తెరిచింది. గుర్రాలు పోయి పొలాలు బీడుపడితే దున్నుకోవడానికి ట్రాక్టర్లు కూడా పంపింది. ముందు గంజి, తరువాత నాగలి. రెండూ ఇచ్చినప్పుడే సహాయం పూర్తయింది. ఆ గ్రామాలున్న జపోరిజ్జియా ప్రాంతం 2022లో మళ్లీ యుద్ధంలో చిక్కుకుంది. కాబట్టి ఆ నేల మనకు పరాయిది కాదు. ఆ నేలకు మనం ఋణపడి ఉన్నాము.

మనం చేయగలిగినది కొంచెమే కావచ్చు. పేపర్లో వార్త లేని వారంలో కూడా కుటుంబ ప్రార్థనలో ఈ పిల్లలను జ్ఞాపకం చేసుకుందాం. కానుక ఇచ్చేవారు తల్లీబిడ్డలను కలిపి ఉంచే, ఏళ్ల తరబడి నిలిచే సంస్థలకే, లెక్క చూపే సంస్థలకే ఇవ్వండి. ఇక్కడ నేర్చుకున్నదాన్ని ఇంటి దగ్గర పాటించండి. వరదకు ఇల్లు పోయిన బిడ్డ, వలస వచ్చిన కూలీ బిడ్డ, తండ్రిని పోగొట్టుకున్న బిడ్డ మన వీధిలోనే ఉంటారు. పక్క తడిపితే కొట్టకండి. దగ్గర కూర్చోండి. వేళకు అన్నం, వేళకు నిద్ర, వేళకు బడి ఉండేలా చూడండి. వారాలు గడిచినా భయం తగ్గకపోతే సిగ్గుపడకుండా డాక్టరు దగ్గరికి తీసుకురండి.

మన రక్షకుడు పసితనంలో రాత్రివేళ తల్లి ఒడిలో ఐగుప్తుకు పారిపోయిన శరణార్థి. హేరోదు చనిపోయేవరకు ఆ కుటుంబాన్ని ఆ పరదేశం ఉండనిచ్చింది. వచ్చిన రాత్రి తలుపు తీసినవారు, చాలాకాలం ఆ తలుపు మూయనివారు నేటి శరణార్థి బిడ్డలకు కూడా కావాలి.

దేవుడు మిమ్మును, మీ బిడ్డలను దీవించును గాక.