మా పిల్లలకు ఎక్కించే ప్రతి బ్యాగుకూ నాట్ పరీక్ష చేయాలి!



తలసీమియా ఉన్న బిడ్డకు రెండు, మూడు, మహా అయితే నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. బతికినన్నాళ్లూ ఎక్కించాలి. పదేళ్లు నిండేసరికి ఆ చిన్న ఒంట్లోకి వందమందికి పైగా దాతల రక్తం వెళ్తుంది. అందులో ఒక్క బ్యాగులో వైరస్ ఉంటే చాలు.

2011లో గుజరాత్‌లోని జునాగఢ్‌లో ఇరవై మందికి పైగా తలసీమియా పిల్లలకు హెచ్‌ఐవీ ఉన్నట్టు బయటపడింది. 2025 అక్టోబరులో జార్ఖండ్‌లోని చాయిబాసాలో మరో ఐదుగురు పిల్లలకు. మధ్యలో పద్నాలుగేళ్లు గడిచాయి. ఆ కడుపుకోత మన జిల్లాకు రాదని మాకెవరు హామీ ఇస్తారు?

పరీక్ష చేయకుండా ఎక్కిస్తారా అని మీరు అడగవచ్చు. చేస్తారు. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియా చూడకుండా ఏ బ్యాగూ ఇవ్వకూడదని నిబంధన. కానీ వైరస్ ఒంట్లో చేరిన వెంటనే పరీక్షకు దొరకదు. మామూలు యాంటీబాడీ పరీక్షలో హెచ్‌ఐవీ కనబడాలంటే సుమారు మూడు వారాలు పడుతుంది, హెపటైటిస్ సి అయితే రెండు నెలలు దాటుతుంది. ఈలోపు రక్తమిచ్చిన మనిషికీ తెలియదు, పరీక్ష కిట్‌కూ తెలియదు. బిడ్డకు మాత్రం అంటుకుంటుంది. నాట్ పరీక్ష వైరస్ జన్యుపదార్థాన్నే పట్టుకుంటుంది కనుక ఆ గడువు బాగా తగ్గుతుంది. అయినా మన దేశంలో దాన్ని ఇంకా తప్పనిసరి చేయలేదు. ఖర్చు ఎక్కువంటున్నారు. ప్రతి బ్లడ్ బ్యాంకులో యంత్రం పెట్టమని మేం అడగడం లేదు, నమూనాలను ఒక పెద్ద కేంద్రానికి పంపి చేయించమంటున్నాం.

నాట్‌తో కూడా ఆ గడువు పూర్తిగా పోదు. మిగిలిన భాగం దాతల చేతుల్లోనే ఉంది. "మీ వాళ్లనెవరినైనా తెస్తేనే బ్యాగు ఇస్తాం" అని బ్లడ్ బ్యాంకు వాళ్లు అన్నప్పుడు, నలుగురు బంధువుల ముందు నిలబడ్డ మనిషి తన సంగతి దాచుకుంటాడు. ఎవరి బలవంతం లేకుండా, ఏడాది పొడవునా ఇచ్చే దాత దాచుకోవలసిన పని లేదు. అలాంటి దాతలు మాకు కావాలి. 18 ఏళ్లు నిండి, ఆరోగ్యంగా ఉంటే మగవాళ్లు మూడు నెలలకోసారి, ఆడవాళ్లు నాలుగు నెలలకోసారి ఇవ్వవచ్చు. ఫారంలో అడిగిన ప్రతిదానికీ నిజం రాయండి. హెచ్‌ఐవీ పరీక్ష ఉచితంగా అయిపోతుందని మాత్రం రక్తమివ్వకండి, దయచేసి. దానికి ప్రభుత్వాసుపత్రిలో ఐసీటీసీ అనే సలహా, పరీక్షా కేంద్రం ఉంది. అక్కడ డబ్బు తీసుకోరు, మీ వివరాలు బయటపెట్టరు.

తలసీమియా పిల్లల అమ్మానాన్నలకు ఒక మాట. హెపటైటిస్ బి టీకా అన్ని డోసులూ వేయించండి. ఎక్కించిన ప్రతి బ్యాగు నంబరు, తేదీ నోటుబుక్కులో రాసుకోండి. ఆరు నెలలకోసారి హెచ్‌ఐవీ, హెపటైటిస్ పరీక్షలు చేయించమని డాక్టరుగారిని అడగండి. హెపటైటిస్ సి వచ్చినా భయపడకండి, చాలామందికి పన్నెండు వారాల మాత్రలతో నయమవుతుంది. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ఆ మందులు ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితం.

వచ్చే సోమవారం గ్రీవెన్స్‌లో కలెక్టరుగారికి అర్జీ ఇస్తున్నాం: జిల్లాలో ప్రతి బ్యాగుకూ నాట్ పరీక్ష చేయించాలి, తలసీమియా పిల్లలను బదులు రక్తం అడగకూడదు. ఉదయం పది గంటలకు కలెక్టరేట్ గేటు దగ్గరికి రండి. రాలేనివాళ్లు ఈ కాగితం వెనుక మీ పేరు, బ్లడ్ గ్రూపు, ఫోన్ నంబరు రాసి మా వాళ్లకివ్వండి.

ఇట్లు
తలసీమియా పిల్లల తల్లిదండ్రులు, రక్తదాతలు